కెమెరాకు సంచి తొడిగి పీజీ పాసైన

ముందుగాల అసలు ముచ్చట చెప్పేస్త, లేకుంటె నా కడుపుల ఆగది. నేను పీజీ పాసైన. క్రిమినాలజీ అండ్ క్రిమినల్ జస్టిస్. ఫస్ట్ క్లాస్, దాని మీద డిస్టింక్షన్. మా ఇంట్ల పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. నన్ను గన్న అవ్వ బీడీలు చేస్తది. బాపు కామారెడ్డిల రైస్ మిల్లు కాడ హమాలి. రిజల్ట్ చూసి బాపుకు ఫోన్ చేసి "పాసైన బాపూ" అన్న. జర ఆగుమన్నడు. బస్తా దించి వచ్చిండట. "ఇగ చెప్పు బిడ్డా, స్పీకర్ ఆన్ చేసిన" అన్నడు. మిల్లుల ఉన్నోళ్లందరికి ఒక్కటేసారి తెలిసింది.

అయితె ఈ డిస్టింక్షన్ ఊకెనే రాలే. దాని ఎనుక మా పక్కింటామె చెవి కమ్మలున్నయ్. అది చెప్పాల్సిందే.

మాది కామారెడ్డికి ఎల్లారెడ్డికి నడ్మ ఊరు. డిగ్రీ కామారెడ్డిల చదివిన, రోజు బస్సుల పోయి వచ్చుడు. పీజీకి హైదరాబాద్ పోయిన. క్రిమినాలజీ అంటె మా ఊర్ల ఎవలకు సమజ్ కాలే. "పోలీస్ చదువా? ఎస్సై అయితవా?" అని కనపడ్డోళ్లు కనపడనోళ్లు అందరు అడిగిన్రు. నేను బస్సుల నిలబడి గూడ చెప్పేదాన్ని: "దొంగను పట్టుడు పోలీసోళ్ల పని. దొంగతనం ఎందుకైతది, అయినంక ఏం చేస్తె మల్ల కాకుంటుంటది, పోగొట్టుకున్నోళ్లకు ఏం కావాలె, గది చదువుడు మా పని." ఒక ముసలామె అంత ఇని, "అయితె దొంగను పట్టరన్నట్టు" అని మొకం కిటికీ దిక్కు తిప్పుకున్నది.

ఆఖరి సెమిస్టర్‌ల ప్రాజెక్టు రాయాలె. మా గైడ్ మేడం మాట ముక్కుసూటిగ ఉంటది. "లైబ్రరీల దొరికేది నాకు రాసి తేకు. మీ దిక్కు గొడవ అయితె జనం ఏం చేస్తరో చూసి రాయి" అన్నది. నేను ఎల్లారెడ్డి కోర్టు కాడ చెట్ల కింద కూసొని, రాజీకి వచ్చినోళ్లతోని మాట్లాడి మాట్లాడి రాసుకపోయిన. మేడం చదివింది. "మంచిగనే ఉంది. గని ఇది ఎవలైన రాస్తరు. నువ్వే రాయాల్సింది ఏంది?" అన్నది. నాకు కోపం రాలే, భయం గూడ కాలే. దొరుకుతదని నాకు మనసుల ఉండె. బట్టలు సదురుకొని ఊరికొచ్చిన.

వచ్చిన వారానికే పక్కింటి పెద్దమ్మ బంగారు కమ్మలు పోయినయ్.

పెద్దమ్మ అంటె మా సుట్టం కాదు, గోడ పక్కన గోడ. ఆమె కొడుకు మస్కట్‌ల ఉంటడు. ఇంట్ల ఆమె, కోడలు, కోడలి చిన్న బిడ్డ. కోడలు మాచారెడ్డి దిక్కు పిల్ల, నాకు వదినె. మనుమరాలి పుట్టెంటికలు తీపిచ్చుడున్నదని పెద్దమ్మ అప్పాలు చేసుడు పెట్టుకున్నది. వాడకట్టు ఆడోళ్లం సగం మంది అక్కడనే ఉన్నం. తలకు పోసుకుంటప్పుడు పెద్దమ్మ కమ్మలు తీసి చిన్న స్టీలు డబ్బల ఏసి గూట్ల పెట్టిందట. పొద్దుగూకినంక చూస్తె డబ్బ ఉంది, కమ్మలు లెవ్వు.

తెల్లారి నల్ల కాడ, అందరు బిందెలు పట్టుకొని నిలబడ్డ కాడ, పెద్దమ్మ అననే అన్నది: "బయటోళ్లకేం ఎరుక గూడు ఏడుందో? ఇంట్ల ఉన్నోళ్లకే ఎరుక. ఈపాటికి తల్లిగారింటికి చేరి ఉంటయ్."

వదినె అక్కడనే ఉంది. నీళ్లు నిండి బిందె మీదికెల్లి పోతున్నయ్. బిందె గట్లనే ఇడిసిపెట్టి ఇంట్లకు పోయింది. పోయి తమ్మునికి ఫోన్ చేసింది. "ఆదివారం ఆటో తీస్కొని వస్త, బట్టలు సదురుకో అక్కా" అన్నడు తమ్ముడు. మస్కట్ అన్న తల్లికి చెప్పలేక, పెండ్లానికి చెప్పలేక ఫోన్ కట్ చేస్తున్నడు. దొంగ అన్న పేరు నెత్తిన పెట్టుకొని పోయిన కోడలు మల్ల ఆ గడప తొక్కదు. అది మాకందరికి తెలుసు, పెద్దమ్మకు గూడ తెలుసు. గని నోట్లకెల్లి మాట బయట పడింది కద, ఇగ ఎనుకకు ఎట్ల తీస్కుంటది?

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. చేతుల ప్లాస్టిక్ కవర్, దాంట్ల ఆ స్టీలు డబ్బ.

"ఇగో బిడ్డా, ఏలిముద్రలు తియ్యి" అన్నది.

"నేనెట్ల తీస్త పెద్దమ్మా? నాకు గదంత రాదు."

"టీవీల పొడి చల్లి తీస్తరు. మీ హైదరాబాద్‌ల పొడి ఇయ్యలేదా?"

"ఈ డబ్బ ఎవలెవలు పట్టుకున్నరు?"

"ఎవలు పట్టుకోలే. నేను పట్టుకున్న. మీ అవ్వ మూత తీసి చూసింది. కింది వాడ ఆడోళ్లు చూస్తమంటె చూపెట్టిన. కిరాణం దుకాణపామె లోపట తుడిచి చూసింది. గంతే."

మా అవ్వ చాటల బీడీ ఆకు కత్తిరిచ్చుకుంట నవ్వు ఆపుకోలేక మొకం అటు తిప్పింది. పెద్దమ్మ నన్ను కిందికి మీదికి చూసి, "రెండేండ్లు ఏం చదివినవే మరి?" అని డబ్బ తీస్కపోయింది.

మా దిక్కు ఏ ఊరికి ఆ ఊరు ఒక కమిటీ ఉంటది. ఏ గొడవ, ఏ పంచాది అయినా ముందుగాల కమిటీ కాడికి, అటెన్కనే ఠాణాకు. మా కమిటీ పెద్దమనిషిని అందరం కాక అంటం. కాక ఇద్దరి మాటలు ఇన్నడు. "ఠాణా వద్దు, ఏం వద్దు. పాత పద్ధతి ఉండనే ఉన్నది. ముద్దలు పెడదాం" అన్నడు.

నేను ఎగిరి గంతేసినంత పని చేసిన. ముద్దలు పెట్టుడు గురించి చిన్నప్పుడు అవ్వ చెప్పంగ ఇన్న గని ఎన్నడు చూడలే. ఏం చేస్తరంటె, ఆ పొద్దు అక్కడున్న ఇండ్లోళ్లందరు తలా ఒక మట్టిముద్ద చేసి, కొంగు కిందనో తువ్వాల కిందనో పెట్టుకొని తెస్తరు. ఒక అర్రల, అంటె చిన్న గదిల, గంప ఉంటది. ఒక్కొక్కలే లోపటికి పోయి ముద్ద గంపల ఏసి రావాలె. తీసినోళ్లు ఎవలైతె వాళ్లు సొమ్మును ముద్దల పెట్టి తేవచ్చు. అందరు ఏసినంక గంపను తెచ్చి నీళ్ల గోలెంల బోర్లిస్తరు. మట్టి కరిగిపోతది, సొమ్ము అడుగున దొరుకుతది. ఏ ముద్దల ఉండెనో ఎవలకు తెల్వదు. తెల్వొద్దు.

మా క్లాసుల దీనికి దగ్గరి ముచ్చట రెస్టోరేటివ్ జస్టిస్ అని చదివినం. దండన కంటె ముందు పోయింది ఎనుకకు వచ్చుడు, ఇరిగింది అతుకుడు. దానికి పుస్తకాల నిండ దేశదేశాల ముచ్చట్లు ఉన్నయ్. మా ఊరి మట్టిముద్ద ఏడ లేదు. మేడంకు మెసేజ్ పెట్టిన. "అందరిని అడిగి, ఒప్పుకుంటెనే రాయి. పేర్లు రాయకు" అని జవాబు వచ్చింది. ఇంటింటికి పోయి అడిగిన. అందరు ఒప్పుకున్నరు. వదినె మాత్రం, "రాసుకో. నేనెట్లైన పోయేదాన్నేనాయె" అన్నది.

శుక్రారం పొద్దుగాల కమిటీ హాల్‌ల ముద్దలు పెట్టిన్రు. హాల్ పక్కన చిన్న అర్ర, అర్రల గంప. ఒక్కొక్కలు పోతున్నరు, వస్తున్నరు. వదినె గూడ వేసి వచ్చి గద్దె మీద ఒక మూలకు కూసున్నది. అందరివి అయినంక గంప గోలెంల బోర్లిచ్చిన్రు. పెద్దమ్మ జబ్బల దాక చెయ్యి పెట్టి దేవింది. బురద. ఒట్టి బురద.

"చూసిన్రా?" అని లేచింది పెద్దమ్మ. "బయటోళ్లు తీస్తె భయపడి తెచ్చి ఏస్తుండె. తీసింది బయటోళ్లు కాదు. నేను మొదలే చెప్పిన."

అట్ల, వదినెను బయటపడేస్తదనుకున్న పద్ధతి ఆమెను ఇంక లోపటికి నూకింది. అందరి కండ్లు ఆమె మీదనే. నాకు ఒళ్లంత మండింది. పద్ధతి మంచిదే, మల్ల ఎందుకు తప్పింది? ఏడనో ఏదో అడ్డముంది.

గప్పుడు కాక తన పక్కనున్నాయనకు ఫోన్ చూపెట్టుకుంట అంటున్నడు: "కిరాణం దుకాణపామె లోపట జర ఎక్కువసేపే ఉన్నది సూడు. ఇంకొకామె అటు ఇటు చూసుకుంట పోయింది."

నేను పోయి ఫోన్‌ల తొంగి చూసిన. హాల్ మీది కెమెరా! పోయినేడు ఊరోళ్లందరు చందాలేసి పెట్టిచ్చిన కెమెరా, సక్కగ ఆ అర్ర తలుపు దిక్కే చూస్తున్నది. కాక ఫోన్‌ల ఒక్కొక్కల మొకం అద్దంల లెక్క కనపడుతున్నది. ఎవలు ఎంతసేపున్నరు, ఎవల చేతుల ముద్ద ఎంత లావున్నది, అన్ని.

"కాకా, కెమెరా నడుస్తుండంగ ముద్దలు పెడితె ఎవలు తెచ్చిస్తరు?"

"కెమెరా పెట్టిందే దొంగ కోసం కద బిడ్డా."

"ముద్దలు పెట్టేది దొంగ కోసం కాదు కాకా, కమ్మల కోసం. మనకు ఇద్దర్ల ఎవలు కావాలె? దొంగనా, కమ్మలా?"

"రెండు దొరికితె తప్పా?"

"రెండు కావాలనే ఇయ్యాల ఒక్కటి గూడ దొరకలే."

కాక జర గరమైండు. "చదువుకున్న పిల్లవు, కెమెరా బంద్ చెయ్యమంటవా? అది దొంగకు సాయం చేసినట్టు కాదా?"

"సాయమే. తెచ్చియ్యనీకె సాయం."

"గిది మీ పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది కాకా. ఇంగ్లీషుల ఉన్నది."

ఎనుక ఎవలో కిసుక్కున నవ్విన్రు. ఆ నవ్వుతోని కాక గట్టితనం సగం సడలింది. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలే. "ఒక్కసారి అయింది చాలదా, మల్లెందుకు?" అన్నది. మా అవ్వ ఎన్నడు నలుగుట్ల నోరు ఇప్పదు, ఆ పొద్దు ఇప్పింది: "కమ్మలు నీయి కావా అక్కా? నీకొద్దా?" పెద్దమ్మ కొంగు దులుపుకొని, "మీ ఇష్టం" అని లేచింది.

ఆదివారం పొద్దుగాల అని ఖాయమైంది. కాక స్విచ్ బంద్ చేస్తనన్నడు. నేను వద్దన్న. స్విచ్ బంద్ అయిందని జనం ఎట్ల నమ్మాలె? కుర్చి ఏసుకొని ఎక్కి, ఖాళీ యూరియా సంచి తెచ్చి కెమెరాకు తొడిగి సుతిలి తాడుతోని కట్టిన. కాక ఫోన్ తీస్కొని గద్దె మీద అందరికి కనపడేటట్టు పెట్టిన, తెర మీద నల్లగ ఉన్నది తప్ప ఏం లేదు. దాని మీద, హాల్ మైకుల చెప్పిచ్చిన: "కెమెరాకు సంచి తొడిగినం. అనుమానం ఉన్నోళ్లు వచ్చి చూసుకోవచ్చు. తలుపు కాడ ఎవలు నిలబడరు." మైకుల చెప్పిన కాక గొంతు కటువుగనే ఉండె, గని చెప్పిండు.

వదినె తమ్ముడు ఆటోతోని అప్పటికే వచ్చి ఉన్నడు. ఆమె బట్టల సంచి ఆటోల ఉన్నది. బిడ్డ ఒళ్లె నిద్రపోతున్నది. "ఇది గూడ అయిపోనీ తమ్మీ, పోదాం" అన్నది వదినె. హాల్ ముందట అందరం చెట్ల దిక్కు మొకం పెట్టి కూసున్నం. అర్రల ఎవలు పోయిన్రో, ఎంతసేపున్నరో చూడలే. చూడకుంట కూసునుడు ఎంత కష్టమో ఆ పొద్దు తెలిసింది, మెడ దానంతట అదే తిరుగుతుండె.

గంప గోలెంల బోర్లిచ్చిన్రు. ముద్దలు మెల్లగ కరుగుతున్నయ్. పెద్దమ్మ చెయ్యి పెట్టింది. దేవింది, దేవింది, ఆగింది. చెయ్యి బయటికి తీసింది. బురదల ఒక కమ్మ. మల్ల పెట్టింది. ఇంకొక కమ్మ.

ఊరు ఊరంత ఒక్కటేసారి మాట్లాడింది. నేను అవ్వను గట్టిగ పట్టుకున్న. మేడంకు అక్కడికెల్లే ఫోన్ చేసిన. "దొరికినయ్ మేడం! ఎవలు తీసిన్రో తెల్వది, గని దొరికినయ్!" అని ఒర్లుకుంట చెప్తున్న. నా ప్రాజెక్టు అయిపోయిందనుకున్న. పెద్దమ్మ కమ్మలు కడిగి కొంగుకు ముడేసుకున్నది. కోడలి దిక్కు చూసి, "పా, ఇంటికి పోదాం" అన్నది.

వదినె లేవలే.

"పా అంటున్న కద. సంచి దించుమను."

"అత్తమ్మా, కమ్మలు నీకు దొరికినయ్. నాకేం దొరికింది?"

తమ్ముడు లేవబోతె చెయ్యి పెట్టి కూసుండబెట్టింది వదినె. గొంతు పెంచలే.

"నల్ల కాడ అన్నవ్. మొన్న ఈడ అన్నవ్. అందరి ముందటనే అన్నవ్. ఇంట్లకు పోయి నా చెవుల చెప్తె అది ఎవలకు వినపడుతది?"

పెద్దమ్మ కొంగు సదురుకున్నది. నేల చూసింది. కాక దిక్కు చూసింది. "ఏమో, కోపంల అన్న" అని గొనిగింది.

"కోపంల అన్నప్పుడు గట్టిగ అన్నవ్ అత్తమ్మా. గిప్పుడు నాకే ఇనపడుతలేదు."

ఎనుకకెల్లి ఒకామె, "అవు, మాకు గూడ ఇనపడుతలేదు" అన్నది. నవ్వులు. కాక మైకు తెచ్చి పెద్దమ్మ ముందట పెడుదామా వద్దా అన్నట్టు చేతుల పట్టుకొని నిలబడ్డడు. పెద్దమ్మ ఆ మైకును చూసి, "ఇది తీస్కపో నువ్వు!" అని కసిరింది. కసిరిన ఊపుల్నే అందరి దిక్కు తిరిగి అన్నది: "నా కోడలు దొంగ కాదు. నేను అన్నది తప్పు. ఇన్నరా అందరు? తప్పు!" అన్నంక ఆమె మొకం ఎర్రగ అయింది. ఏడుపో కోపమో నాకు ఎరుక కాలే. వదినె లేచి బిడ్డను భుజానికి ఎత్తుకున్నది. "తమ్మీ, సంచి ఇంట్ల పెట్టి, తిని పో" అన్నది. ఇంటి దిక్కు ఆమె ముందట నడిచింది, ఎనుక పెద్దమ్మ.

నేను ఫోన్ చెవి కాడ గట్లనే పట్టుకొని నిలబడ్డ. మేడం లైన్ల ఉండి అంత ఇన్నది. "ఇగో, ఇది నువ్వే రాయాల్సింది" అన్నది. నా ప్రాజెక్టుల కమ్మలు తిరిగి వచ్చేదాక జాగ ఉంది, వదినె మాటకు జాగ లేకుండె. మొత్తం మల్ల రాసిన. సొమ్ము పోయినామె ఒక్కతే నష్టపోలే, పేరు పోయినామె ఇంకొకతె ఉన్నది, ఆమెకు పద్ధతిల జాగ ఏదీ అని అడుగుకుంట రాసిన.

వైవాల ఎక్స్‌టర్నల్ సార్ అద్దాలు తీసి అడిగిండు: "ఇంతకు ఎవరు తీశారమ్మా?"

"తెల్వది సార్."

"తెలుసుకోవాలనిపించలేదా?"

"అనిపించింది సార్. మస్తు అనిపించింది. అందుకే చెట్ల దిక్కు చూసుకుంట కూసున్న."

సార్ నవ్విండు, మేడం నవ్వింది, నేను బయటికొచ్చి మెట్ల మీద ఒక్కదాన్నే నవ్విన.

రిజల్ట్ వచ్చినంక ఊరికొచ్చి స్వీట్ డబ్బ పట్టుకొని ముందుగాల పక్కింటికే పోయిన. పెద్దమ్మ గల్మల, తలుపు కాడ, కూసొని చింతపండు పిక్కలు తీస్తున్నది. చెవులకు కమ్మలున్నయ్. వదినె లోపట రొట్టెలు చేస్తున్నది.

"పాసైన పెద్దమ్మా. మీ ముచ్చట రాసే పాసైన."

"నన్ను చెడ్డదాన్ని చేసి రాసినవా?"

"లేదు. అందరి ముందట తప్పు ఒప్పుకున్నరని రాసిన. మా సార్లు అది చదివి మెచ్చుకున్నరు."

పెద్దమ్మ చేతులు ఆగినయ్. "నా పేరు రాసినవా?"

"పేర్లు రాయొద్దు పెద్దమ్మా, రూల్ ఉన్నది."

"ఏం రూల్ అది? ఊర్ల ఎంతమంది అత్తలు లేరు, ఎవలన్న చెప్పిన్రా గట్ల? నేను చెప్పిన. ఒప్పుకున్నోళ్ల పేరు రాయాలె కద!" అని లోపటికి మొకం పెట్టి ఒర్లింది. "ఇన్నవానే, దీనికి నా పేరు రాయ రాలేదట!"

"పేరు రాస్తె నల్ల కాడ నువ్వన్నది గూడ రాయాలె అత్తమ్మా," అన్నది వదినె రొట్టె తిప్పుకుంట. "మన ఇద్దరి పేర్లు లేకుంటనే మంచిగుంది. స్వీటు తిను."